బ్రూగెల్ ‘పిల్లల ఆటలు’ – తెలుగు తొలి చదువు

తెలుగు దేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన కుటుంబములలో మాట నిలిచినంతగా వ్రాత నిలువలేదు. హోసూరు ప్రాంతమునను, బళ్ళారి, కోలారు జిల్లాలలోను, బరంపురము, పర్లాకిమిడి పట్టణములలోను, షోలాపురపు నేతగాండ్ర పేటలలోను పసివాడు ఇంట తల్లితో తెలుగున మాటలాడును. బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో, నేడు చాలచోట్ల ఆంగ్లమో చదువును. యానాములో తెలుగు అధికార భాషగా చెల్లుచున్నందున అచటి స్థితి కొంత వేరు. తక్కిన చోట్ల అనేక కుటుంబములకు సంఘములవారు సెలవు దినమున నడుపు తెలుగు తరగతియే లిపికి మిగిలిన ఆధారము. వారమునకు ఒక గంట, మహా అయినచో రెండు గంటలు. అంత కొద్ది కాలములో పిల్లల ముందు ఏ పుస్తకము తెరువవలెను, ఏ బొమ్మ నిలుపవలెను అనునది పైకి చిన్న ప్రశ్నవలె కన్పట్టును. ఆ పిల్లలు మరుసటి వారము వత్తురా, రారా అనునది దానిమీదనే ఆధారపడి యున్నది.

ప్రసిద్ధమైన చిత్రమొకదానిని పసిపిల్లలకు చూపి, వారు చూచినదానిని వారి నోటనే పలికించి, ఆ పలుకులను వ్రాసి చూపి, వానినుండి అక్షరములకు దిగు పద్ధతి యొకటి పలు దేశముల బడులలో వాడుకలో నున్నది. అట్టి పనికి తగిన చిత్రములలో పీటర్ బ్రూగెల్ 1560లో రచించిన ‘పిల్లల ఆటలు’ తప్పక పేర్కొనదగినది. అది తెలుగు పిల్లల తొలి చదువునకు ఎంతవరకు పనికివచ్చును, ఎట్లు వాడినచో పనికిరాకుండ పోవును అనునది ఇచట విచారింపబడుచున్నది.

ముందుగా, ఇప్పుడు చేతిలోనున్న బొమ్మల వాచకమును పరికింపవలెను. ‘అ’ ప్రక్కన అమ్మ, ‘ఆ’ ప్రక్కన ఆవు, ‘ఇ’ ప్రక్కన ఇల్లు, ‘ఈ’ ప్రక్కన ఈగ – ఈ వరుస తెలుగువారందరికి కంఠస్థము. అలవాటు వలన దీనియందలి వింత కంటికి కనబడుట లేదు. ‘అమ్మ’ అను మాటలో మకారమునకు ఒత్తు కలదు. ‘ఇల్లు’ అను మాటలో లకారమునకు ఒత్తు, దానిపై కొమ్ము కూడ కలవు. ఒత్తులు నేర్పుట అదే పుస్తకమున గుణింతములన్నియు ముగిసిన పిమ్మట కదా! అనగా మొదటి పుటలోని మాటను పిల్ల చదువుట లేదు. బొమ్మను చూచి పలుకుచున్నది. చదివినట్లు ఉపాధ్యాయుడు భ్రమపడుచున్నాడు, చదివితినని పిల్లయు భ్రమపడుచున్నది. ఇక ‘ఋ’ ప్రక్కన ఋషి. గడ్డము పెంచుకొని చెట్టుక్రింద కూర్చున్న ఆ మహాత్ముని పసిపిల్ల తాతయనియో సాధువనియో పిలుచును గాని ఋషి యని పిలువదు. అక్షరమునకు మాట కావలెను గనుక ఆయన వచ్చి కూర్చుండెను.

అయినను ఇవి చిన్న లోపములు, దిద్దుకొనవచ్చును. పెద్ద లోపము వేరొకటి కలదు. ఈ బొమ్మలన్నియు నామవాచకములు. ఆవు, ఈగ, ఉడుత, ఏనుగు, ఓడ – ఒక్కటియు కదలదు. ఆవు బొమ్మను చూచి పిల్ల ‘ఆవు’ అనును; అంతటితో బొమ్మ పని తీరినది. రెండవసారి చూచుటకు అందేమియు లేదు, మాటలాడుటకు అంతకంటె లేదు. వీథి పొడవునను దుకాణముల మీద, బస్సుల మీద తెలుగు అక్షరములే కనబడు ఊరిలో పెరుగు పిల్లకు ఇది చాలవచ్చును. తక్కినది వీథి నేర్పును. వీథిలో తెలుగక్షరమే లేని ఊరి పిల్లకు ఈ బొమ్మల వాచకము పేర్ల పట్టికగా మాత్రమే మిగులును.

బొమ్మకు మాటను జతచేయు పద్ధతికి మూలపురుషుడుగా చెప్పబడు కొమేనియస్ ఇంతటితో ఆగలేదు. 1658లో నూరెంబర్గు పట్టణమున అచ్చయిన ఆయన బొమ్మల పుస్తకము లాటిను, జర్మను భాషలలో పిల్లల కొరకు కూర్చబడినది. అందలి అక్షరమాల కాకి కూతతో మొదలై ఒక్కొక్క ప్రాణి చేయు ధ్వనితో నడచును. అనగా అక్షరము వస్తువు పేరుతో గాక ఒక చేష్టతో ముడిపడినది. తరువాతి పుటలలో బొమ్మలోని ఒక్కొక్క భాగమునకు అంకె వేసి, ఆ అంకెలను క్రింది వాక్యములలోని మాటలకు జతపరచెను. పిల్లల ఆటలకు కూడ అందొక పాఠము కలదు. తరువాతి కాలపు వాచకములు ఆ పుస్తకమునుండి బొమ్మను గ్రహించినవి, పేరును గ్రహించినవి, వాక్యమును మాత్రము విడిచిపెట్టినవి.

బ్రూగెల్ చిత్రము కొమేనియస్ పుస్తకమునకు దాదాపు నూరు సంవత్సరములు ముందటిది. చిత్రకారుడు అప్పుడు ఆంట్‌వెర్ప్ నగరమున నుండెను. ఓకు కొయ్య పలకమీద తైలవర్ణములతో వ్రాయబడిన ఈ చిత్రము ఎత్తు 118, వెడల్పు 161 సెంటీమీటర్లు. నేడు వియన్నాలోని కళాచరిత్ర వస్తుప్రదర్శనశాలలో నున్నది. నెదర్లాండ్సు చిత్రకారుల చరిత్రము వ్రాసిన కారెల్ వాన్ మాండర్ 1604 నాటికే దీనిని పేర్కొనెను. ఒక విశాలమైన ఊరి నడుమ 200కు పైగా పిల్లలు, 80కి పైగా ఆటలు. పెద్దలకు ఇందు చోటు లేదనియే చెప్పవచ్చును. చూచువాని కన్ను ఎత్తైన మేడమీదనుండి క్రిందికి చూచినట్లుండుటచేత ఎవ్వరును మరియొకరి వెనుక పూర్తిగా మరుగుపడలేదు. కుడివైపు పైభాగమున పొడవైన వీథి దూరమునకు సాగిపోవును. ఎడమవైపు పైభాగమున పచ్చని బయలు, నీరు, నీటిలో ఈదువారు.

ముందుభాగమున ఎడమ మూలను ఇద్దరు కూర్చుండి ఎముకలతో ఆడుచున్నారు. గొఱ్ఱె కీళ్ళ ఎముకలవి. ఏ తెలుగు పిల్లకు చూపినను ‘అచ్చనగండ్లు’ అనును. కొన్నియెడల ‘గచ్చకాయలు’ అనును. ఇద్దరు బాలురు చక్రములను దొర్లించుచున్నారు. ఒకడు కర్రగుర్రమెక్కినాడు. ఒకడు తిత్తిని నోట పెట్టి ఊదుచున్నాడు. పీపాపై ఎక్కి గుర్రపు స్వారి చేయువారు కొందరు. వంగినవారి వీపులమీదుగా దూకువారి వరుస చూడగనే ‘వంగుళ్ళు దూకుళ్ళు’ జ్ఞప్తికి వచ్చును. కన్నులు మూసికొని తడుముకొనుచు పోవు పిల్ల, కర్రకాళ్ళమీద నడచువాడు, బొంగరములు త్రిప్పువారు, చెట్టెక్కువాడు, దడిపై కూర్చుండి ఊరేగువారు, తలక్రిందులుగా నిలుచువాడు, బొమ్మలతో ఆడు ఆడపిల్లలు, నడుమ పెండ్లి ఊరేగింపు ఆట – బొమ్మల పెండ్లి చేసిన ఇంటి పిల్లకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

కొన్నియెడల భేదము కలదు. ఆ భేదమును దాచక చూపుటయే మేలు. ఆ దేశపు బొంగరము కొరడాతో కొట్టగా తిరుగును. తెలుగు బొంగరము తాడు చుట్టి విసరగా తిరుగును. ‘వాడు కొడుతున్నాడెందుకు?’ అని పిల్ల అడిగినచో ఆనాటి పాఠము సగము నడచినట్లే.

ఈ చిత్రమున ఆడనివాడు లేడు, కదలనివాడు లేడు. దీని గుణమంతయు అందే యున్నది. వాచకము నామవాచకములను ఇచ్చినట్లు ఈ చిత్రము క్రియలను ఇచ్చుచున్నది. వెలుపలి నాడులలో పెరుగు తెలుగు పిల్ల నోట నిలిచియున్నవి క్రియలే యనుట గమనింపదగినది. అట్టి ఇండ్లలో వస్తువుల పేర్లు త్వరగా మారిపోవును. బల్ల, కిటికి, పలక, సంత – వీని స్థానమున బడిభాషయో బజారుభాషయో వచ్చి చేరును. రా, పో, తిను, ఆడు, పట్టుకో, దూకకు అను మాటలు మాత్రము తల్లి నోటనుండి దినమునకు నూరుమారులు వినబడుచుండును గనుక అంత తేలికగా పోవు. తొలి చదువు పిల్ల దగ్గర ఉన్నదానితో మొదలుకావలెనే గాని లేనిదానితో కాదు. నామవాచకముల వాచకము ఆమె మరచినవానితో మొదలుపెట్టుచున్నది.

తెలుగు లిపి స్వభావము కూడ ఇందుకు అనుకూలించుచున్నది. తెలుగులో ఆజ్ఞార్థకము ఒక్క మాటయే యైనను పూర్తి వాక్యము. అట్టి మాటలలో చాల భాగము కొమ్ముతో ముగియును. ఆడు, ఊదు, ఈదు – ఈ మూడు వాక్యములకు కావలసినవి ఆ, ఈ, ఊ, డ, ద అను అయిదక్షరములును, కొమ్ము అను ఒక్క గుర్తును. మూడును చిత్రములో నున్నవి: తిత్తి ఊదువాడు ఒక చోట, నీటిలో ఈదువారు ఒక చోట, ఆడువారు అన్ని చోటులను. ఎ, ఉ, క, గ, ర చేరినచో ఎగురు, ఉరుకు వచ్చును. ల, ప అను అక్షరములును దీర్ఘమును తెలిసినచో లాగు, పాకు, దాగు వచ్చును. గుడితో తిరుగు, కొమ్ముదీర్ఘముతో దూకు. ఒక్క ఒత్తైనను లేకుండ, ఏబదియారక్షరముల పట్టిక ముగియువరకు వేచియుండకుండ, కొద్ది వారములలో పిల్ల పది వాక్యములు నిజముగా చదువును. బొమ్మను మూసిపెట్టినను చదువును. చదువుటకును గుర్తుపట్టుటకును భేదము అందే తెలియును.

గుణింతపు వరుసలో కొమ్ము అయిదవది. తలకట్టు, దీర్ఘము, గుడి, గుడిదీర్ఘము దాటిన తరువాత గాని అది రాదు. వరుస తప్పించుట పెద్దలకు రుచింపకపోవచ్చును. కాని వరుస కంఠస్థము చేయుటకు ఏర్పడినది. వాక్యము చదువుటకు ఏర్పడినది కాదు. ఒకటి మాత్రము జాగ్రత్తపడవలెను. పు, వు అను చోట్ల కొమ్ము వేరు తీరున అక్షరము క్రిందుగా సాగును. ము, యు లలో పొల్లు చూపులకే చిక్కు కలదు. కావున ఈ నాలుగింటిని వెనుకకు ఉంచుట మంచిది. ‘నవ్వు’ అనునది ఎంత ముద్దైన మాటయైనను మొదటి నెలకు తగదు.

ఆజ్ఞనుండి వర్ణనకు వచ్చునప్పుడు గట్టి చిక్కు ఎదురగును. చక్రము దొర్లించు బాలుని చూచి కోలారు పిల్ల ‘ఆడతా ఉండాడు’ అనును. షోలాపురపు పిల్ల ‘ఆడుతుండు’ అనవచ్చును. పుస్తకము ‘ఆడుతున్నాడు’ అనును. ఏది వ్రాయవలెను? పిల్ల పలికినదానిని వినీ విననట్లు ఊరకుండి పుస్తకపు రూపమును బల్లమీద వ్రాయుట సాధారణముగా జరుగునది. అప్పుడు పిల్ల గ్రహించునది ఒకటే – తన ఇంటి మాట వ్రాతకు తగదని. ఆ గ్రహింపు తరువాత తెలుగు తరగతికి వచ్చుట తగ్గును. ముందు ఆమె మాటనే ఆమె పలికినట్లు వ్రాసి, ఆమెచేత చదివించి, దాని ప్రక్కన పుస్తకపు రూపమును చేర్చి రెండును ఒకటేయని చూపుట న్యాయము. ఒత్తులు, సంయుక్తములు ఇచట తప్పవు; వానిని చూచి చదివిన చాలును, వ్రాయించుటకు తొందరలేదు.

ఈ మాట క్రొత్తది కాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940), నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల నోటనుండి వారి భాష నేర్చి, సవర పిల్లలకు వారి మాటలతోనే పుస్తకములు కూర్చిరి. వాడుక భాషను గూర్చి వారు నడిపిన వాదము గ్రంథరచనకు సంబంధించిన కలహముగా నేడు జ్ఞాపకమున్నది. దాని పుట్టుక మాత్రము పిల్లలకు భాష ఎట్లు నేర్పవలెనను బడి ప్రశ్నలో నున్నది. వెలుపలి తెలుగువారు తమ ఊరివాడుగా చెప్పుకొనదగిన ఆ మహనీయుని మొదటి ఉపదేశము వారి తరగతులలోనే తక్కువగా వినబడుట విచారకరము. న్యూజీలండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ 1963లో వెలువడిన తన గ్రంథమున ఇంచుమించు ఇదే త్రోవను చూపెను. ఆమె తరగతిలో ఒక్కొక్క పిల్ల తనకు కావలసిన మాటను అడిగి అట్టముక్కపై వ్రాయించుకొని, దానినే తన మొదటి పాఠముగా చదివెడిది. ఆమె పద్ధతిలో పిల్ల మనస్సునుండి మాట వచ్చును. బ్రూగెల్ చిత్రము ముందున్నప్పుడు కంటినుండి వచ్చును. నలుగురు పిల్లలు ఒకే చోట చూచి నాలుగు మాటలు చెప్పుకొనుటకు వీలగును.

పరదేశపు చిత్రమెందుకు, తెలుగు ఇండ్లలో తరతరములుగా వ్రేలాడుచున్న రవివర్మ చిత్రములు లేవా యని ప్రశ్న రాగలదు. ప్రశ్న ఉచితమైనదే. 1894లో బొంబాయిలో నెలకొని, తరువాత లోనావాలా సమీపమునగల మళవలికి తరలిన రవివర్మ ముద్రణాలయపు పటములు లేని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. పరదేశపు బాలుని ముఖముకంటె సరస్వతి ముఖము పిల్లకు పరిచితము. కాని పరిచయము వేరు, మాటలాడించుట వేరు. 1899 నాటి ‘హంస–దమయంతి’ చిత్రమున దమయంతి నిలిచియున్నది, హంస ఎదుట నున్నది. జరుగునదంతయు ఆమె మనస్సులో జరుగుచున్నది. ఆ కథ తెలిసినవానికే ఆ చిత్రము పలుకును. కావున ఉపాధ్యాయుడు కథ చెప్పవలెను, పిల్ల వినవలెను. మాట ఉపాధ్యాయుని దగ్గరనే నిలిచిపోవును. దుష్యంతుని కొరకు వెనుదిరిగి చూచు శకుంతల చిత్రము మరింత చక్కని ఉదాహరణము. పాదమున ముల్లు నాటెనను నెపముతో ఆమె వెనుకకు చూచుచున్నది. పసిపిల్ల ‘కాల్లో ముల్లు గుచ్చుకుంది’ అనును. అది తప్పు కాదు, కన్ను చూచినది అంతే. కాని చిత్రమంతయు ఆ ముల్లు నెపమనుటలోనే కలదు. ఆరేండ్ల పిల్లకు నెపమును విడమరచుట అవసరము కాదు, అందము కూడ కాదు. రవివర్మ పటము ఇంటి గోడకు, అవ్వ చెప్పు కథకు, పదునాలుగేండ్ల పిల్ల కావ్యపఠనమునకు తగును. తొలి చదువునకు మాటలకంటె చేష్టలు ముందు నడచు చిత్రము కావలెను.

బ్రూగెల్ చిత్రమునందు దోషములు లేవని చెప్పుట సత్యము కాదు. అందలి పిల్లల ముఖములు పిల్లల ముఖములవలె నుండవు. పెద్దల ముఖములను చిన్న దేహములకు అతికించినట్లుండును. నవ్వు మిక్కిలి తక్కువ. అందుచేతనే విమర్శకులలో కొందరు దీనిని ఆటల సర్వస్వముగా చూడగా, మరికొందరు మానవుల వ్యర్థ ప్రయాసకు ఉపమానముగా చూచిరి. ఆ చర్చ పసితరగతికి అక్కరలేదు. అయినను ‘వీళ్ళెందుకు నవ్వడం లేదు?’ అని పిల్ల అడుగుట సంభవించును. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. ఆట ఎంత గట్టి పనియో పిల్లకే బాగుగా తెలియును, సమాధానము ఆమెనే అడుగవచ్చును. జుట్టు పట్టి లాగుకొనువారు ఇందు కలరు. పుల్లతో మలమును కలియబెట్టు పిల్ల కూడ కలదు. చిత్రకారుడు దేనిని దాచలేదు. పెద్దలు దీనిని చూచి నొచ్చుకొందురు, పిల్లలు ముందుగా దీనినే కనుగొందురు. ఒక నిముషము నవ్వనిచ్చి ముందుకు పోవుట ఉత్తమము. ఆ భాగమును కాగితముతో మూసినచో తరగతియంతయు ఆ కాగితమునే చూచుచుండును.

అంతకంటె పెద్ద అపాయము చిత్రమున లేదు, చూపువారి చేతిలో నున్నది. చిత్రమును ముక్కలుగా కత్తిరించి, బొంగరపు ముక్క క్రింద ‘బ’ అనియు, చక్రపు ముక్క క్రింద ‘చ’ అనియు వ్రాసి అట్టలుగా చేయుట సులభము. చూచుటకు అందముగా నుండును. ప్రదర్శనములలో మెప్పు కూడ వచ్చును. చేసినది మాత్రము ఆవు–ఈగల వాచకమును నాలుగువందల యేండ్ల వెనుకటి రంగులతో తిరిగి వ్రాయుటయే. ముక్క చేయగనే క్రియ పోవును. ఎవడు ఎవని వెనుక పరుగెత్తుచున్నాడు, ఎవతె ఎవరి నడుమ నిలిచినది, ఎవరు దడి మీద, ఎవరు పీపా లోపల, ఎవరు దూరముగా నీటి ఒడ్డున – ఇదంతయు చిత్రము నిండుగా నున్నప్పుడే పలుకబడును. మీద, క్రింద, ముందు, వెనుక, నడుమ, ప్రక్కన అను మాటలను ఏ అట్టముక్కయు నేర్పజాలదు. తెలుగున ఈ మాటలు నామము తరువాత వచ్చును; ‘దడి మీద’ అని పలికి పలికి గాని బడిభాషగా ఆంగ్లము చదువు పిల్లకు ఆ క్రమము నిలువదు.

అదే కారణముచేత అచ్చుప్రతి పరిమాణము కూడ గమనింపవలసియున్నది. చిన్న చిన్న ఆకృతులు 200కు పైగా నున్న చిత్రమును పంచాంగపు పుటంత ప్రతిలో చూపుట నిష్ఫలము. మూలమునకు సమీపమైన కొలతతో గోడమీద నిలుపవలెను. తెరమీద చూపునప్పుడు మొదట మొత్తము చూపి, పిల్లలు కోరిన చోటును పెద్దది చేసి, మరల మొత్తమునకు రావలెను. ఏ చోటు పెద్దది చేయవలెనో పిల్లలే చెప్పవలెను. చెప్పుటకు మాట కావలెను గదా.

వెలుపలి నాడుల పిల్లలందరికి ఈ పని ఒకే తీరున జరుగదు. కన్నడము చదివిన పిల్లకు తెలుగక్షరములలో చాల భాగము ముందే తెలిసినట్టివి. తలకట్టు తీరు, కొద్ది అక్షరముల భేదము తెలిసినచో చాలును. ఆమెకు చిత్రము అక్షరముల కొరకు కాదు, మాటల కొరకు. తమిళము చదివిన పిల్ల సంగతి వేరు. ఆ లిపిలో క, గలకు ఒకే అక్షరము. ట, డలకును, త, దలకును, ప, బలకును అట్లే. నోట భేదముగా పలుకుచునే యున్నను కంటికి భేదము అలవాటు లేదు. కాలి–గాలి, తాటి–దాటి, పాట–బాట అను జంటలు ఆమెకు ముందుగా కావలెను. తిత్తిలోనికి ఎక్కునది గాలియా, కాలియా అని అడిగినచో నవ్వుతో భేదము నిలుచును. షోలాపురపు పిల్ల కంటికి దేవనాగరిలోని హ్రస్వ ఇకారపు గుర్తు అక్షరమునకు ముందు వ్రాయుట అలవాటు. తెలుగు గుడి అక్షరము నెత్తికెక్కును. ‘తిరుగు’ దగ్గర ఆమె చేయి తడబడినచో అది తెలివితక్కువ కాదు, వేరొక చదువు గుర్తు.

కన్నడ, తమిళములకు తెలుగుతో గల చుట్టరికమును ఈ క్రియలు మరియొక విధముగా బయలుపరచును. ‘ఆడు’ మూడు భాషలలోను ఆడుటయే. ‘ఊదు’ కూడ ఇంచుమించు అంతే. ‘ఈదు’ కన్నడమున ‘ఈజు’, తమిళమున ‘నీందు’. బడిమాటను ఇంటిమాటకు శత్రువుగా చూపు అలవాటు కొన్ని సంఘములలో కలదు. పిల్లకు రెండు మాటలును ఒక తల్లి బిడ్డలని చిత్రము ముందు నిలిపి చూపుట సాధ్యమైనప్పుడు ఆ వైరము పెంచుట దేనికి? ఒడియా, మరాఠీ పిల్లలకు ఈ సౌకర్యము లేదు. వారి విషయమున ఆటలే చుట్టములు.

యానాములో లిపి కొరత లేదు గనుక అచట ఈ చిత్రము మరియొక పనికి వచ్చును. అచటి పిల్లలు గోదావరి తీరపు ఆటల పేర్లను వ్రాసి పంపినచో, హోసూరు పిల్లలు తమ పేర్లను వ్రాసి పంపినచో, ఒకే ఆటకు ఎన్ని తెలుగు పేర్లు కలవో ఏ నిఘంటువునకు అందనంత సామగ్రి సమకూరును. వంగుళ్ళు దూకుళ్ళకు ఒక్కటే పేరని తలచువారు ఆశ్చర్యపడవలసి వచ్చును.

ఎనుబదికి పైగా ఆటలున్న ఈ చిత్రములో తెలుగు పిల్ల ఆడు ఆటలన్నియు లేవు. వామనగుంటలు లేవు, చెమ్మచెక్క లేదు. కొన్ని వారములు చూచిన తరువాత ఏ పిల్లయో ‘మా ఆట ఇందులో లేదే’ అని తప్పక అనును. ఉపాధ్యాయుడు అంతవరకు ఓపిక పట్టి, తానుగా ఆ మాట చెప్పకుండవలెను. అప్పుడు చిత్రము ప్రక్కన తెల్లకాగితము అతికించి, ఆ ఆట బొమ్మ గీయుమని, దాని పేరు వ్రాయుమని ఆ పిల్లకు కుంచె ఇయ్యవలెను. ‘చెమ్మచెక్క’ వ్రాయుటకు మకారపు ఒత్తు, కకారపు ఒత్తు, ఎత్వము కావలెను. ఆమె అడుగును.